రాయి మీద కంప్యూటర్స్

జూన్ 6, 2004. ఆదివారం

ఈరోజు ఫిన్నీ సమాధికి రాయి పెట్టారు. నల్ల రాయి, తెల్ల అక్షరాలు. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. కింద బి.టెక్ (కంప్యూటర్స్) అని చెక్కించాడు వాళ్ల నాయిన.

నా కొడుకు చదివింది సివిల్.

పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే నేను కళ్లు మూసుకోలేదు. ఆ మాటనే చూస్తూ నిలబడ్డాను. ఆమెన్ అన్నాక మగవాళ్లు టీ గ్లాసులు పట్టుకుని అక్కడే, సమాధుల నడుమనే, ఈసారి ఏ బ్రాంచి ఏ ర్యాంకు దాకా పోతుందో మాట్లాడుకున్నారు. ఎలక్ట్రానిక్స్ పైనా, కంప్యూటర్స్ పైనా అని వాదన. మెకానికల్ పడిపోయిందట. సివిల్ ఊసెత్తితే నవ్వారు. నా పిల్లవాడి మీద మట్టి ఇంకా కుంగుతూనే ఉంది.

జూన్ 7

పోయిన ఏడు కౌన్సెలింగుకు తండ్రీకొడుకులే పోయారు. ర్యాంకు యాభై రెండు వేలు. వీళ్ల వంతు వచ్చేసరికి దుండిగల్ కాలేజీలో కంప్యూటర్స్ లేదు, ఎలక్ట్రానిక్స్ లేదు. మెకానికల్ ఉంది, సివిల్ ఉంది. సివిల్ కావాలని ఫిన్నీయే అడిగాడు. చిన్నప్పటి నుంచి సైటు మీద తండ్రి లెవెల్ చూస్తుంటే నీళ్ల పైపు రెండో కొస పట్టినవాడు. గోడ లెవెల్ చూడమంటే వాడికి పండగ.

ఈయన మాత్రం బయటికి రాగానే ఎస్టీడీ బూత్ నుంచి అందరికీ కంప్యూటర్స్ అని చెప్పాడు. పరంజ్యోతి మేస్త్రి కొడుకు మళ్లీ ఇటుకల్లోకే పోయిండు అంటారని భయం. ఆ కాలేజీలో ఒక బ్లాకుకు గోడలు లేపింది ఈయనే. అన్నం పెట్టిన పని మీద అంత రోత ఎందుకో నాకు తెలియదు.

ఫిన్నీ నవ్వేవాడు. “నాయిన చెప్పే కాలేజీ వేరే అమ్మా, నేను పోయేది వేరే” అనేవాడు. మార్చిలో గండిమైసమ్మ దగ్గర షేర్ ఆటో బోల్తా పడేదాకా పోయాడు.

జూన్ 15

తోడికోడలు ఎలీషమ్మక్క వచ్చింది. బిడ్డ క్రిస్టీనాకు నలభై నాలుగు వేలు ర్యాంకు. లడ్డూల డబ్బా తెచ్చి ఫిన్నీ ఫొటో ముందు పెట్టింది. యాభై రెండుకే మీవాడికి కంప్యూటర్స్ వచ్చింది కదా, మాకు అదే కాలేజీలో కళ్లు మూసుకున్నా వస్తుంది అంటోంది. నేను ఈయన మొహం చూశాను. వస్తది వదినా, ఎందుకు రాదు అన్నాడు.

లడ్డూలకు చీమలు పట్టాయి. నేను తీయలేదు.

జూలై 11, ఆదివారం

ఇక ఉండబట్టలేదు. మందిరంలో ఆరాధన అయిపోయాక అక్కను చర్చి వెనకకు తీసుకుపోయి చెప్పాను. ఫిన్నీది సివిల్ అక్కా, వాడి ర్యాంకును నమ్ముకుని పోకండి, వేరే కాలేజీలు కూడా రాసుకోండి అన్నాను.

ఆమె నా చేయి వదిలించుకుంది. “రాయి మీద రాసున్నది గద సెల్లె. నీ కొడుకు పోయిండని నా బిడ్డకు రావొద్దా?”

ఈయనను పిలిచి అడిగింది. ఈయన నేల చూసి, కంప్యూటర్సే వదినా, దీనికి మనసు బాగలేదు అన్నాడు.

ఇంటికి వచ్చాక నన్ను అన్నాడు, “సచ్చినోని ఇజ్జత్ తీస్తవా?”

ఎవరి ఇజ్జత్?

జూలై 12

ఆయనకు అన్నం పెట్టి, నా పళ్లెం వాకిట్లోకి తెచ్చుకుని తిన్నాను.

ఆగస్టు 3

ఈరోజు క్రిస్టీనా కౌన్సెలింగ్. పొద్దుగూకాక అక్క మా గడపలో కూర్చుని అరిచింది. మా లాల్‌గడి మలక్‌పేట్ ఊరంతా విన్నట్టుంది.

వీళ్ల వంతుకు దుండిగల్‌లో కంప్యూటర్స్ ఎప్పుడో నిండిపోయిందట. ఖమ్మం దిక్కు ఒక కాలేజీలో రెండు సీట్లున్నాయి, తీసుకోండి అని కంప్యూటర్ ముందు కూర్చున్నాయన చెప్పాడట. అక్క వినలేదు. యాభై రెండుకు ఇచ్చినవాళ్లు నలభై నాలుగుకు ఎందుకివ్వరు అని వాదన పెట్టుకుంది. ఆ వాదనలోనే పక్క కంప్యూటర్ ముందున్న వాళ్లు ఆ రెండూ పట్టుకుపోయారు. చివరికి దుండిగల్‌లోనే దొరికింది. సివిల్.

మీ ఫిన్నీకి ఎట్ల ఇచ్చిండ్రు, దొడ్డిదారిన పోయిండ్రా అంటోంది. చచ్చినవాడిని దొంగను చేసింది. ఈయన అక్కడే ఉన్నాడు. చెప్పులేసుకుని బయటికి పోయాడు.

సీట్లట. బ్రాంచిలట. సంతలో పశువుల పళ్లు చూసినట్టు పిల్లల ర్యాంకులు చూస్తారు. థూ.

ఆగస్టు 5

మధ్యాహ్నం క్రిస్టీనా ఒక్కతే వచ్చింది. మొహం వాచి ఉంది. ఫొటో కింద కూర్చుంది.

“చిన్నమ్మా, అన్నకు నచ్చిందా సివిల్?”

వాడు పోయినప్పటి నుంచి వాడి గురించి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నచ్చింది బిడ్డా అన్నాను. వాడు ప్లాన్లు గీసుకునే డ్రాఫ్టర్, స్కేళ్లు, షీట్లు పెట్టుకునే గొట్టం ఇచ్చేశాను. గొట్టం తెరిచి వాసన చూసింది. నేనూ చూశాను.

ఆగస్టు 6, పొద్దున ఆరు

ఆయన సంచిలో నుంచి సుత్తి, ఉలి తీసుకుని సమాధుల దొడ్డికి పోతున్నాను.

అదే రోజు, తొమ్మిది

ఆ మాట తీసేశాను. నాకు చేతకాలేదు, రాయి గుంట పడింది. వేలు చితికింది. వెనక ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో ఆయన. కొడతాడనుకున్నాను. “ఉలి నిలువుగ పెడితే రాయి పెచ్చులూడుతది. వాల్చి పట్టాలె” అన్నాడు.

అక్కడ సివిల్ అని చెక్కు అన్నాను. ఆయన చేతికి ఉలి ఇచ్చాను. కింద పెట్టి పోయాడు.

ఇంత పని వచ్చిన చేతులు.

ఆగస్టు 8, ఆదివారం

ఇటుక ముక్కతో ఆ గుంటలో నేనే రాశాను, సివిల్ అని. ఏడో తరగతితో ఆగిన రాత, వంకర పోయింది. అక్క మందిరం నుంచి పోతూ చూసి, మొహం తిప్పుకుంది.

ఆగస్టు 15

వాన. కొట్టుకుపోయింది. మళ్లీ రాశాను.

ఆగస్టు 22

మళ్లీ వాన. నేను పోయేసరికి ఎవరో ముందే సివిల్ అని రాసి పెట్టారు. దారం పట్టి గీసినట్టు తిన్నగా ఉంది. మేస్త్రి చేయి. ఉలి పట్టలేదు, వానకు పోయే ఇటుక ముక్కే పట్టాడు.

కొంగుతో తుడిచి, నేను రాశాను.