జకమర్రా తాత మంచం

ఆలిస్ స్ప్రింగ్స్, ఆస్ట్రేలియా, సోమవారం

అమ్మా,

నేను తెల్లవాళ్ళ మనిషినైపోయాననీ, ఆసుపత్రిలో జకమర్రా తాతను అవమానిస్తుంటే నర్సునై ఉండి కూడా చూస్తూ ఊరుకున్నాననీ పెద్దమ్మ ఊరంతా చెబుతోందట. ఆవిడ వచ్చి చూసిందా? తాతకు ఎదురు మంచం మీదే ఆయన అత్తగారు నంగాలాను పడుకోబెట్టారు. ఆవిడ గోడవైపు తిరిగింది. ఆయన దుప్పటి ముసుగు తీయడు, తిండి ముట్టడు.

"మొండి ముసలాడు" అంది హెడ్‌ నర్సు.

"అల్లుడు అత్తగారి కంటపడకూడదండీ, మా ఆదివాసుల్లో అది మర్యాద" అన్నాను.

"ఇది ఆసుపత్రి తల్లీ, పెళ్ళివారి విడిది కాదు!" అని నవ్వింది.

తాత సూది పీక్కుని ఇంటికి పోతానన్నాడు. పోతే ఆ పాడైన కిడ్నీలతో బతకడు. హెడ్‌ నర్సు టీకి వెళ్ళగానే ఆయన మంచాన్ని నేనే మగవాళ్ళ గదిలోకి తోసేశాను. ముసుగులోంచే, "మనవరాలా, రొట్టేమైనా ఉందా?" అన్నాడు. నా మీద ఫిర్యాదు వెళ్ళింది. వెళ్ళనీ.

మామ్మ కాచిన పసరు మందు బస్సులో పంపు. ఎర్రకుక్క పిల్లల్ని పెట్టిందా? చిన్నవాళ్ళకు ముద్దులు. పెద్దమ్మకు ఇది గట్టిగా చదివి వినిపించు. ఉద్యోగం మానేసి రమ్మన్నారుగా, నేను రాను.

రొవీనా