వంతెన పక్క గోడ, దాని వారసులు

నేను, ఈ వీధిలో పిల్లా పెద్దా పెంకులక్క అని పిలిచే మనిషిని, బుద్ధి, మాట, చేతిరాత ఇంకా నా చెప్పుచేతల్లో ఉండగా, ఒక్క ఊపిరి మాత్రమే మాట వినని స్థితిలో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఇష్టపూర్వకంగా రాస్తున్న వీలునామా ఇది. పెంకులు అతికిస్తాను కాబట్టి నాకా పేరు వచ్చిందని నేనంటాను. పెంకితనం వల్ల వచ్చిందని నా తమ్ముడంటాడు. ఏళ్ల తరబడి టైల్స్ కోసిన దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని, ఇక మందులతో లాభం లేదని డాక్టరు తేల్చేశారు. ఇంతకు ముందు నేను రాసిన కాగితాలేవైనా ఉంటే అవి చెల్లవు.

1. నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు, వెనక రేకుల షెడ్డుతోనూ పెరటి స్థలంతోనూ సహా, నా తదనంతరం మా వీధి టైలరమ్మకు సర్వహక్కులతో చెందాలి. ఆమె నాకు రక్తసంబంధి కాదు. ఎందుకిచ్చానని రేపు ఎవరూ కోర్టుకెక్కకుండా కారణం ఇక్కడే రాస్తున్నాను.

ఏరు పొంగి వీధుల్లోకి వచ్చిన ఏడాది, నీళ్లు తీశాక ప్రతి గుమ్మం ముందూ బురదలో పగిలిన పళ్లేలు, కప్పులు, పూలకుండీలు గుట్టలుగా పడి ఉన్నాయి. అప్పటిదాకా నేను డబ్బున్నవాళ్ల స్నానాల గదుల్లో టైల్స్ ముక్కలతో తామరపూలు పరిచేదాన్ని. ఆ గుట్టలు చూసి, పారేయకండి, కడిగి తెండి, వంతెన పక్క గోడ మీద మన వీధిని మనమే అతికిద్దామని ఇంటింటికీ తిరిగాను. వరదలో దీని మతి కూడా కొట్టుకుపోయిందన్నారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఎవరి ఇల్లు వాళ్లే గీసుకున్నారు, ఎవరి ముక్కలు వాళ్లే అతికించుకున్నారు. కిటికీ వంకరైందని మొగుడూ పెళ్లాలు గోడ ముందే పోట్లాడుకున్నారు. బొమ్మలో ఎక్కడా నీళ్లు మాత్రం వేయొద్దని అందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు.

టైలరమ్మ అందరికన్నా చివర వచ్చింది. ఆమె ఆరేళ్ల కూతుర్ని ఏరు తీసుకుపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. ఆ పిల్ల పాలు తాగే నీలం కప్పు కొంగులోంచి తీసి, “దానికంటూ ఒక చోటు లేకుండా పోయిందక్కా. ఇక్కడ పెట్టుకోనా?” అంది. ఆ కప్పు పగల్లేదు. అంత వరదలోనూ బీటైనా పడని కప్పును ఆమే సుత్తి తీసుకుని కొట్టింది. ఆ ముక్కల్ని తన ఇంటి బొమ్మలో పై కిటికీగా అతికించింది. ఈనాటికీ కుట్టు మిషను దగ్గర కూర్చునే ముందు వెళ్లి, ఆ కిటికీ మీద చెయ్యి వేసి వస్తుంది.

2. వంతెన వెడల్పు చేయడానికి ఇప్పుడా గోడను కూల్చేస్తున్నారు. నేను ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. కొత్త గోడ కట్టాక మళ్లీ వేసుకోండమ్మా, రంగులు మేమే ఇప్పిస్తామని ఒక అధికారి నవ్వుతూ చెప్పాడు. ఆయనకు నేనేం ఇవ్వగలను? గోడ ప్రారంభోత్సవం నాడు రిబ్బను కత్తిరించి, దాని మీద తన ముఖం లేదని అలిగి వెళ్లిన పెద్దమనిషి, కాపాడమని వెళ్తే కుర్చీ కూడా చూపించలేదు. షెడ్డులో ఉన్న అద్దం ముక్కల డబ్బా ఆయనకు చెందాలి. తన ముఖం తనివితీరా చూసుకోవచ్చు.

3. నా తాపీ, పెంకులు కొరికే పట్టకార్లు, రేడియో, రిటైరైన బస్సు డ్రైవరుకు. గోడ పని జరిగినన్నాళ్లూ సిమెంటు కలిపింది ఆయనే. ఈ మధ్య ఇద్దరం కలిసి ఉలితో పెంకులు ఊడదీయబోయాం. ఏమవుతుందోనని ముందు నా ఇంటి బొమ్మ మీదే ప్రయత్నించాం. ఒక్క పెంకు సాంతం రాలేదు, అన్నీ పిండైపోయాయి. మళ్లీ ఏరు వచ్చినా కదలకూడదని ఆ రోజుల్లో ఇసుకలో సిమెంటు ఎక్కువ కలిపించింది నేనే. టైలరమ్మ పక్కనే నిలబడి చూసింది. “ఇంక ముట్టుకోకక్కా. ఉన్నన్నాళ్లు ఉండనీ” అని వెళ్లిపోయింది.

4. నా తమ్ముడికి అమ్మ ఫోటో తప్ప ఏమీ లేదు. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచాను, ఇంజనీరును చేశాను. గోడ కూల్చే పని వాడి చేతుల మీదుగానే జరుగుతోంది. ఆపమని అడిగితే, “ఆర్డరు నాది కాదక్కా, సంతకమే నాది” అన్నాడు. నా గడప తొక్కొద్దన్నాను. వాడు తొక్కలేదు.

5. పై పేరా మొన్న రాసింది. కొట్టివేతలుంటే ఎవరైనా పేచీ పెడతారని అలాగే ఉంచుతున్నాను. నిన్న సిగ్గు విడిచి డ్రైవరు చేత వాడికి కబురు పెట్టాను. పెంకులు ఊడవు కాబట్టి ఇటుకలతో సహా గోడనే పలకలా కోసి తీయాలి. అలా కోసే మిషను, దాన్ని నడపడం తెలిసిన చెయ్యి వాడి దగ్గరే ఉన్నాయి.

వచ్చాడు. రమ్మని సైగ చేసేదాకా బయటే నిలబడ్డాడు. దగ్గు తెరలో నాకు మాట పెగల్లేదు. ఈ కాగితాలే చేతికిచ్చాను. ఒక్కో పేరా చదివాడు, నాలుగోది కూడా. కాగితాలు మడిచి నా దిండు కింద పెట్టి, “సోమవారం కూల్చేస్తారు. ఆదివారం ఒక్కరోజు మిషను నా చేతిలో ఉంటుంది. పగలకుండా వస్తుందని మాత్రం మాటివ్వలేను” అన్నాడు. అనుమతి లేకుండా మిషను వాడితే ఉద్యోగం పోతుందన్న సంగతి వాడు ఎత్తలేదు. నాకు తెలుసు.

కనుక ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా తమ్ముడికే అప్పగిస్తున్నాను. టైలరమ్మ ఇంటి బొమ్మ మేరకు కోసిన పలకను నా షెడ్డులో ఆనించి నిలబెట్టాలి. ఇల్లు ఎలాగూ ఆమెకే రాశాను. ఆ కిటికీ ఆమె ఇంటి కప్పు కింద ఉండాలి. పలక పగిలితే ఆ మాట వాడే స్వయంగా వెళ్లి ఆమెకు చెప్పాలి, ఇంకొకరి చేత చెప్పించకూడదు. ఒక్క రోజులో ఒక్క ఇల్లే వస్తుంది. మిగతా వీధినంతా వదిలేయక తప్పదు. ఆ ఇళ్లవాళ్లకు ముఖం చూపించే పని ఉండదనుకుంటే నాకు చావే తేలికనిపిస్తోంది.

6. సాక్షులకు ఏమీ రాయకూడదట. అందుకే ఎదురింటి నర్సమ్మకు ఇవ్వాలనుకున్న ఉన్ని దుప్పటి నిన్ననే ఆమె భుజాల మీద కప్పి పంపించాను.

7. ఆదివారం దాకా ఉంటానో లేదో నర్సమ్మ ముఖం చూస్తేనే తెలుస్తోంది. నేను శనివారం పోయినా, ఆదివారం తెల్లారి పోయినా, నా తమ్ముడు నన్ను సాగనంపడానికి రాకూడదు. వాడి కోసం నన్ను ఆపకూడదు, నా కోసం వాడు పని ఆపకూడదు. నన్ను మోయడానికి వీధిలో మనుషులు దొరుకుతారు. ఆ మిషను నడపడానికి వాడొక్కడే. పెంచిన అక్క పోతే కడసారి చూపుకైనా రాలేదని ఎవరైనా వాణ్ణి ఒక్క మాట అంటే, ఈ పేరా వాళ్లకు బిగ్గరగా చదివి వినిపించండి. రావద్దన్నది నేనే.

తేదీ: ఈ నెల ఇరవై మూడు, గురువారం.

(సంతకం)
పెంకులక్క

ఆమె మా కళ్లెదుట, తెలివిలో ఉండి, మధ్యలో రెండుసార్లు ఆగి సంతకం చేశారు.

సాక్షులు:
ఎదురింటి నర్సు
వీధి మొదట్లో జిరాక్స్ షాపు యజమాని