యాకమ్మ గారి నాలుగు గవ్వలు

గౌరవనీయులైన ఎస్సై గారికి,

మీ కానిస్టేబుల్ ఎల్లస్వామి గారు మా నానమ్మ యాకమ్మ దగ్గర తీసుకుపోయిన నాలుగు గవ్వలు వాన పడేలోగా తిరిగి రావాలి. అందుకే ఈ ఉత్తరం. మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే కనుక రాసే పని నాకు పడింది.

సోమవారం మా అరుగు మీద నానమ్మ, పక్కింటి కళావతమ్మ అష్టాచెమ్మ ఆడుతున్నారు. కాయలు చింతగింజలే. ఓడినవారు గెలిచినవారి చింతపండుకు గింజలు తీయాలి. ఎల్లస్వామి గారు కాసేపు నిలబడి చూసి, "ఆ కాయ కాదవ్వా, గిది జరుపు" అన్నారు. ఆ తర్వాతే పందెం నేరమని గవ్వలు తీసుకెళ్ళారు. నానమ్మ చివరి కాయ పండడానికి ఒక్క గడి మిగిలింది. సుద్దతో గీసిన గడులు చెరుగుతాయని ఆమె అప్పటి నుంచి అరుగు ఊడ్వనివ్వడం లేదు.

నేను జూదం చట్టం చదివాను. రేసు మైదానంలో గుర్రప్పందేలకు మినహాయింపు ఉందని చెబితే నానమ్మ, "గుర్రం ఉరికితె తప్పు లేదట, నా చింతగింజ జరిగితె తప్పా బిడ్డా?" అన్నది. ఆ ప్రశ్న మీకే పంపుతున్నాను.

నిన్న అడుగుదామని స్టేషన్‌కు వచ్చాను. లోపల గవ్వల చప్పుడు, ఎల్లస్వామి గారి గొంతు వినిపించాయి. "అష్ట! మల్ల నాదే ఆట! జర ఆగుండ్రి సార్!" తర్వాతి వంతు మీదేనని అర్థమై, మధ్యలో అడ్డు రావడం మర్యాద కాదని వెనుదిరిగాను.

స్టేషన్‌లో ఆడుకోవడానికి ప్రభుత్వం మినహాయింపు ఇచ్చి ఉంటే ఆ ఉత్తర్వు నకలు పంపండి. నాకు చట్టంలో కనబడలేదు. లేదంటే గవ్వలు పంపండి. ఏదైనా సరే, ఏప్రిల్ పది శుక్రవారంలోగా జవాబు ఇప్పించగలరు. శనివారం వాన అంటున్నారు.

ఇట్లు,
యాకమ్మ గారి మనవరాలు,
వరంగల్.