ప్యానెళ్లు అందరివీ, పని ఎవరిది

జనవరి 19, 2025
సంతకాలు అయిపోయాయి. ఐదుగురం. నా ఐస్ ఫ్యాక్టరీ, పైడిబాబు లేత్ షాపు, బేబీరాణి గారి బేకరీ, గణేశ్వరరావు గారి గోడౌన్, ఇంకో షాపు. ఐదుగురి సోలార్ ప్యానెళ్లూ ఆ గోడౌన్ కప్పు మీదే. ఎవరి వాటా కరెంటు వాళ్ల బిల్లులో తగ్గుతుంది.

కాగితమంతా చదివింది పైడిబాబు ఒక్కడే. కప్పు ఎన్నేళ్లు ఇస్తారు, మధ్యలో ఎవరైనా తప్పుకుంటే వాటా ఏమవుతుంది, రిపేరు ఎవరు చూస్తారు అని అడుగుతూనే ఉన్నాడు. అరే భయ్యా, మనలో మనకి ఇవన్నీ ఎందుకు అన్నారు గణేశ్వరరావు గారు. అందరం నవ్వాం. వాడు లేచి వెళ్లిపోతుంటే మెట్ల దగ్గర ఆపి ఒప్పించింది నేనే. నీ మాట మీద సంతకం పెడుతున్నా సుమ దీదీ, అన్నాడు.

మార్చి 3
ప్యానెళ్లు బిగించాక వచ్చిన మొదటి బిల్లు సగానికి పడింది. జెనరేటర్ అమ్మేశాను.

ఏప్రిల్ 22
పొద్దున్న తొమ్మిదికి కరెంటు పోయింది. ఎండ మండిపోతోంది, సోలార్ ఉంది కదా అని ధీమాగా కూర్చున్నా. ఫ్యాన్ కూడా తిరగలేదు. ప్యానెళ్ల కరెంటు వెళ్లేది సర్కారు లైన్లోకేనట, అది పోతే ఇదీ ఆగిపోతుందట, స్తంభం మీద పనిచేసేవాడికి షాక్ కొట్టకుండా. ఫ్యాక్టరీలో సొంత బ్యాటరీ పెట్టుకుంటేనే నడుస్తుందట. ముందే అడగాల్సింది. అడగలేదు. సాయంత్రానికి ఐసంతా కాలవలోకి పోయింది.

మే 11
పైడిబాబు కప్పెక్కి చూశాడు. ఉప్పుగాలికి ప్యానెళ్లని పట్టి ఉంచే క్లాంపులు అప్పుడే తుప్పు పట్టాయి, చివరి వరస ఊగుతోంది అని మా ఐదుగురి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కప్పు నాది, ప్యానెళ్లు అందరివీ అని గణేశ్వరరావు గారు. బిగించిన కంపెనీ ఫోనెత్తడం లేదు. వచ్చే వారం మనిషిని పంపిస్తా అని నేను రాశాను.

మే 24
పంపలేదు.

మే 27, మధ్యాహ్నం 3
ఒకటే గాలి, వాన. దీవుల మధ్య తిరిగే షిప్పులన్నీ ఆపేశారు. పైడిబాబు ఫోన్ చేశాడు. ప్యానెళ్లు లేచిపోతున్నాయి, కింద రోడ్డు మీద జనం ఉన్నారు, తాడు తీసుకుని ఎక్కుతున్నా, ఎవరైనా రండి అన్నాడు. వస్తున్నా అన్నాను.
వాన కాస్త తగ్గాక బయల్దేరాలి.

సాయంత్రం 6
ప్యానెల్‌తో పాటే పడ్డాడు. నేను వెళ్లేసరికే ఆస్పత్రికి తీసుకెళ్లిపోయారు.

మే 28
పైడిబాబు లేడు.

మే 30
డాలీగంజ్‌లో వాళ్లింటికి వెళ్లాను. వాడి భార్య అపర్ణ ఏడవలేదు. ఆయన ఎవరికో ఫోన్ చేశాకే ఎక్కారు, ఎవరికి దీదీ, అని అడిగింది. తెలీదన్నాను.
బయట గణేశ్వరరావు గారు అందరినీ దగ్గరికి పిలిచి, అతన్ని ఎక్కమని మనమెవరమూ చెప్పలేదు, పోలీసులకి అంతా ఇదే మాట చెబుదాం అన్నారు. బేబీరాణి గారు తలూపారు. నేనూ ఊపాను.

జూన్ 9
పోలీస్ స్టేషన్‌లో మిగతా ముగ్గురూ అదే మాట చెప్పారు. నా వంతు వచ్చింది. ఫోన్ నాకే చేశాడు, వస్తానన్నాను, వెళ్లలేదు అన్నాను. రాసుకునే కానిస్టేబుల్ తలెత్తి, మళ్లీ చెప్పండి అన్నాడు. మళ్లీ చెప్పాను.
అక్కడి నుంచి తిన్నగా అపర్ణ దగ్గరికి వెళ్లి చెప్పాను. తలుపు వేసేసింది.

జూన్ 10
మంచి ఎండ. మిగిలిన ప్యానెళ్లు పనిచేస్తున్నాయి. మూసి ఉన్న లేత్ షాపుకి కూడా వాటా వెళ్తోంది.