పేరు చెప్పని శహన

జూన్ 4, గురువారం

మా శ్రోతల బృందానికి పెద్దదిక్కు, సంగీత విమర్శకులు అయిన తమరికి,

గడియారాలవాడి నమస్కారాలు. తమరి మోకాలి నొప్పి నెమ్మదించిందని, చెవులు మాత్రం ఎప్పటిలాగే పాదరసంలా ఉన్నాయని తలుస్తాను. నేనిక్కడ బాగానే ఉన్నాను.

"ఈ నెల ఏం వింటున్నారు?" అని మీరు అందరినీ అడిగారు. ఎనిమిదిమందిలో ఆఖరున జవాబు రాసేది ఎప్పుడూ నేనే. కళ్ల డాక్టరుగారు నెలంతా ఒకే వేణువు విన్నారట, విసుగెత్తి వాళ్లావిడ ఆ రికార్డు బియ్యం డబ్బాలో దాచేసిందట. లెక్కల మేష్టారు ఓ పల్లవికి తాళం వేసి వేసి చెయ్యి వాచిపోయిందని ఎడమచేత్తో ఉత్తరం రాశారు. వాళ్ల ముందు నా సంగతి చాలా చిన్నది. బృందంలో చేరి రెండేళ్లయినా నేనింకా కొత్తవాణ్ణే.

గడియారాలతోపాటు పాత టేపు రికార్డర్లు కూడా బాగుచేస్తానని మీకు తెలుసు. అలా నా బల్ల మీదికొచ్చిన ఓ టేపు వింటున్నాను. బూజు పట్టిపోయి ఉంది. దూదితో తుడిచి, మోటారు వేగం సరిచేసి, శ్రుతి నిలబడేసరికి పదకొండు రోజులు పట్టింది. ఒక వయొలిన్. శహన రాగం. మొత్తం ముప్పై ఎనిమిది నిమిషాలు. ఎక్కడా తొందర లేదు. ఆరో నిమిషంలో శ్రోతల్లో ఎవరో దగ్గుతారు. ఆ దగ్గు అయ్యేదాకా విల్లు ఆగుతుంది, కసురుకున్నట్టు కాదు, మంచినీళ్లు తాగి రమ్మన్నట్టు. తర్వాత స్వరాన్ని వదిలిన చోటే అందుకుంటుంది. అక్కడ నేను ప్రతిసారీ చేతిలో పని పక్కన పెట్టేస్తాను.

వాయించింది ఎవరో రాయడం లేదు. పేరు తెలిస్తే చెవి సగం మూసుకుపోతుందని మీరే కదా అంటారు. టేపు నకలు పంపుతున్నాను. వినండి. పూర్తిగా వినండి.

విధేయుడు,
గడియారాలవాడు

నవంబరు 17, మంగళవారం

గౌరవనీయులైన పెద్దలకు,

నమస్కారాలు. మీ వ్యాసం పత్రికలో చదివాను. దుకాణం తలుపు వేసుకుని రెండుసార్లు చదివాను. "నలభై ఏళ్లుగా వయొలిన్ వింటున్నాను, శహనను ఇంత దయగా పలికించిన చెయ్యి మరొకటి ఎరగను" అని రాశారు. "ఇది అరవై దాటిన మగచెయ్యి. గొప్ప గురువు దగ్గర ఇరవై ఏళ్లు ఊడిగం చేసిన చెయ్యి" అని కూడా రాశారు. ఒక్క టేపు విని మనిషి వయసు, పుట్టుపూర్వోత్తరాలు చెప్పేయడం మీకే చెల్లింది. మన బృందంలోని టైలరుగారు ఆ వాక్యాలు కత్తిరించి దుకాణంలో అద్దం పక్కన అంటించుకున్నారు. కొలతలకు వచ్చిన వాళ్లంతా అవి చదవాల్సిందే.

పేరు చెప్పమని మీరు రాసిన మూడు ఉత్తరాలూ అందాయి. ఆయన బతికే ఉన్నారా, సన్మానం చేద్దామా అని అడిగారు. కాస్త ఓపిక పట్టండి. పేరు బయటపెట్టడానికి ఒక సమయం ఉంది. ఆ సమయంలో తప్పకుండా చెబుతాను, మాటిస్తున్నాను.

మీ వ్యాసాలన్నీ పుస్తకంగా వస్తున్నాయని విని సంతోషించాను. చిన్నవాణ్ణి, చనువు తీసుకుని రెండు మాటలు మనవి చేస్తాను. శహన వ్యాసాన్ని మొదటి అధ్యాయంగా పెట్టండి. ఒక్క అక్షరం తగ్గించకండి. ఇంకొకటి, మొన్న బృందం కలిసినప్పుడు లెక్కల మేష్టారు మిమ్మల్ని ఓ ప్రశ్న అడిగారు. ఇన్ని వేల కచేరీల గురించి రాశారు కదా, మధ్యలో లేచి వెళ్లిపోయినవి ఎన్ని అని. మీరు కాఫీ కప్పు కిందపెట్టి, "చివరిదాకా వినకుండా నా జీవితంలో ఒక్క వాక్యం రాయలేదయ్యా" అన్నారు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ వాక్యాన్ని ముందుమాటలో పెట్టండి. ఈ కాలం విమర్శకులకు బుద్ధి వస్తుంది.

విధేయుడు,
గడియారాలవాడు

మార్చి 5, శుక్రవారం

విమర్శకులకు,

పుస్తకం అందింది. అట్ట బాగుంది. శహన మొదటి అధ్యాయంగానే ఉంది. నేను అడిగిన వాక్యం ముందుమాట చివర, మీ సంతకానికి సరిగ్గా పైన పెట్టారు. చాలా సంతోషం. ఎల్లుండి ఆవిష్కరణ. పేరు చెబుతానని మాటిచ్చాను కనుక ఈ ఉత్తరం.

అది అరవై దాటిన చెయ్యి కాదు. మగచెయ్యీ కాదు. అది వాయించేనాటికి ఆమెకు ఇరవై ఆరేళ్లు. ఆమె మా అక్క.

మీకు గుర్తుండే అవకాశం లేదు, అందుకని మొదటినుంచీ చెబుతాను. ముప్పై ఒక్కేళ్ల కిందట గ్రంథాలయం పక్క హాల్లో మా అక్క మొదటి సొంత కచేరీ. అంతకుముందు పదేళ్లు పెద్ద గాయకుల పక్కన కూర్చుని వాయించింది. వాళ్లకు చప్పట్లు పడుతుంటే విల్లు ఒళ్లో పెట్టుకుని తనూ కొట్టేది. ఆ రోజు తనకోసం జనం వస్తున్నారని కార్యక్రమ పత్రం తనే చేత్తో రాసి అచ్చుకిచ్చింది. అందులో ప్రధాన రాగం తోడి అని ఉంది.

ఆరింటికి మొదలు కావాలి. అయిదూ యాభైకి కరెంటు పోయింది. మీరు ముందు వరసలో నలభై నిమిషాలు కూర్చుని, గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. గేటు దగ్గర ఉండే ఆయన, "ఇంకో అయిదు నిమిషాలు చూడండి సార్" అంటే, "పత్రం జేబులో ఉందిలే" అన్నారట. కరెంటు ఏడుమ్ముప్పావుకి వచ్చింది. తొమ్మిదికల్లా హాలు ఖాళీ చేయాలి. తోడికి కావలసినంత సమయం లేదు. ఉన్న సమయంలో ఆ రాగాన్ని కుదించి వాయించడం ఇష్టం లేక అక్క దాన్ని పూర్తిగా వదిలేసి శహన ఎత్తుకుంది. మిగిలిన ఇరవైముగ్గురూ కదలకుండా విన్నారు.

మర్నాటి పత్రికలో మీ సమీక్ష పన్నెండు వరుసలు. నాకు కంఠతా వచ్చు. "ఈ యువతి తోడిలో గాంధారం ఊగలేదు, ఒణికింది. శ్రుతి ఆమెకింకా పరిచయం కాలేదు. వేదిక ఎక్కే ముందు ఇంకో పదేళ్లు ఇంట్లో కూర్చోవడం శ్రోతలకు మేలు." వాయించని రాగంలో, వినని గాంధారం ఎలా ఒణికిందో మీరే చెప్పాలి.

ఆ నెలలోనే మూడు సంగీత సంఘాలు ఒకేలాంటి ఉత్తరాలు రాశాయి, కార్యక్రమం వాయిదా పడిందని. దేనికీ కొత్త తేదీ లేదు. పాఠానికి వచ్చే పిల్లల్ని తల్లులు మానిపించారు. ఒకావిడైతే మా గుమ్మంలోనే, "శ్రుతి రానివాళ్ల దగ్గర మా పిల్ల చెవి పాడైపోతుందండీ" అంది. అక్క ఆవిడకు మంచినీళ్లిచ్చి పంపింది.

అంతకుముందే, సమీక్ష వచ్చిన నాడే, అక్క మీ పత్రికాఫీసుకు వచ్చింది. సవరణ వేయమని అడగడానికి. పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా వరండాలో బెంచీ మీద కూర్చుంది. మీరు భోజనానికి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆమె ముందునుంచే నడిచారు. చివరికి ఆగి, ఆమె నోరు తెరవకముందే, "చూడమ్మాయ్, వాయిద్యం పట్టుకున్నవాళ్లంతా విద్వాంసులైపోరు. ఆసుపత్రిలో టెలిఫోన్ల దగ్గరికి మనుషులు కావాలట, ప్రకటన మా పత్రికలోనే ఉంది, చూసుకో" అన్నారు. మీ పక్కనున్న ఇద్దరు నవ్వారు.

చూసుకుంది. ఆ ఆసుపత్రిలోనే ఇరవై తొమ్మిదేళ్లు టెలిఫోన్ల దగ్గర పనిచేసింది. రోజంతా చెవికి ఆ నల్ల డిప్ప తగిలించుకుని, ఏ వార్డు కావాలండీ అని అడగడం. ఆ చెవితో ఆమె చేయగలిగింది ఏమిటో మీ మొదటి అధ్యాయంలో మీరే రాశారు, నేను మళ్లీ రాయక్కర్లేదు.

మూడేళ్ల కిందట ఒకామె తండ్రి వాడిన టేపు రికార్డరు బాగుచేయమని తెచ్చింది. ఆయన ఆ హాల్లో మైకులు చూసే మనిషి. రికార్డరుతో పాటు ఒక పెట్టెడు టేపులు. ఒకదాని మీద అక్క కచేరీ తేదీ చూశాను. పట్టకారు పక్కన పెట్టి ఆ టేపే ముందు తీశాను. మీ బృందంలో చేరింది ఆ తర్వాతి నెలలోనే. రెండేళ్లు మీ ఎదురుగా కూర్చుని, మీరు తలాడించిన చోటల్లా తలాడించాను. నా అంత ఓపికైన శ్రోత మీకు దొరికి ఉండడు.

మీకు పంపిన నకల్లో మొదటి రెండు నిమిషాలు కోసేశాను. ఇప్పుడు పూర్తి టేపు పంపుతున్నాను. మొదట ఒక గొంతు వినిపిస్తుంది. తేదీ చెబుతుంది, హాలు పేరు చెబుతుంది, మా అక్క పేరు చెబుతుంది. "కరెంటు ఆలస్యం వల్ల ఈరోజు తోడికి బదులు శహన వినిపిస్తారు, శ్రోతలు మన్నించాలి" అని కూడా చెబుతుంది. టేపుతో పాటు కార్యక్రమ పత్రం, మీ పన్నెండు వరుసలు జతచేశాను.

ఇవే మూడూ బృందంలో అందరికీ నిన్న అందాయి. మీ పత్రిక ఇప్పటి సంపాదకుడికీ, పుస్తకం అచ్చువేసినాయనకూ అందాయి. ఎల్లుండి సభలో మీ మొదటి అధ్యాయం చదువుతారట. చదవనివ్వండి. చప్పట్లు కొట్టనివ్వండి. ఆ తర్వాత లెక్కల మేష్టారు లేచి టేపు పెడతారు, దాని వెనకే మీ సమీక్ష చదువుతారు, చివర మీ ముందుమాటలోని ఆఖరి వాక్యం. ఆ వరస నేనే రాసిచ్చాను. ఒంట్లో బాగాలేదని మానేద్దామనుకుంటారేమో. కళ్ల డాక్టరుగారు జ్వరం కూడా చూస్తారట, స్వయంగా కారు తీసుకుని మీ గుమ్మంలోకి వస్తానన్నారు. టైలరుగారు అద్దం పక్కనున్న కాగితం తీయలేదు. దాని కింద మీ పన్నెండు వరుసలు కూడా అంటించారు. ఇప్పుడు జనం కొలతలకు వచ్చి రెండూ చదువుతున్నారు.

క్షమాపణ ఉత్తరం రాయాలని చూడకండి. నాకు అక్కర్లేదు. మీరు అందరి ముందూ కూర్చుని, ఆ ముప్పై ఎనిమిది నిమిషాలూ వినాలి. అంతే.

ఇట్లు,
ఆమె తమ్ముడు

తా.క. సంతకం పెట్టాక గంటసేపు ఊరికే కూర్చున్నాను. పైన రాసిందంతా నిజమే. రాయనిది ఒకటుంది.

ఆ సాయంత్రం నేనూ ఆ హాల్లో లేను. షాపులో పని ఉందని వెళ్లలేదు. మర్నాడు పత్రిక కొని తెచ్చి అక్క చేతిలో పెట్టింది నేనే. చదివి, "ఒరేయ్, నేను నిన్న తోడి వాయించనే లేదురా" అంది. నేను నమ్మలేదు. "అంత పెద్దాయన అబద్ధం రాస్తారా అక్కా? సరిగ్గా రాలేదని ఒప్పుకుంటే పోయేదేముంది?" అన్నాను. ఆమె వయొలిన్ పెట్టెలో పెట్టి మూత వేసింది. మళ్లీ తీయలేదు. అంటే అది మీ వరండాకు రాకముందే. తోడు రమ్మని అడిగితే, నాకు సిగ్గుగా ఉంది, రాను అన్నాను. మీ బెంచీ మీద ఆమె అయిదు గంటలు కూర్చుంది సంఘాలకు చూపించడానికి కాదు. మీ సంతకంతో ఒక చిన్న సవరణ దొరికితే ఇంటికి తెచ్చి నాకు చూపించడానికి. అప్పుడిది నాకు తెలియదు. టేపు దొరికాక మా అమ్మ చెప్పింది.

ఈ ముప్పై ఒక్కేళ్లలో అక్క నన్ను ఒక్క మాట అనలేదు. పండగకీ పబ్బానికీ కలిస్తే ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతుంది. టేపు సంగతి నేనింకా ఆమెకు చెప్పలేదు, మూడేళ్లుగా గుమ్మం దాకా వెళ్లి తిరిగొస్తున్నాను. ఈ ఉత్తరం నకలొకటి, టేపుతో పాటు, ఇప్పుడే ఆమెకు పోస్టు చేస్తున్నాను. ఆదివారం సభకు వస్తుందో రాదో తెలియదు. ముందు వరసలో మీ పక్క కుర్చీ నాకు అట్టేపెట్టమని లెక్కల మేష్టారికి చెప్పాను. ఆమె వస్తే, మన ఇద్దరిలో ముందు ఎవరి వైపు చూస్తుందో నాకు తెలియదు.