గళ్ళు గీయని మొహం

శాంటా క్లారా,
ఫిబ్రవరి 1983

ప్రియమైన దేవకుమారికి,

నీ మొగుడు ఏసుపాదం వందనాలు. ముందుగా శుభవార్త. నేను దొంగనని ఈ దేశంలో కూడా తెలిసిపోయింది.

సాయంకాలం క్లాస్‌లో బొమ్మలు నేర్పే మిసెస్ హోల్ట్ ఉంది కదా, ఆవిడ్ని ఆటపట్టిద్దామని ఐదు బొమ్మలు ఐదు రకాలుగా వేసి, ఐదుగురు వేశారని చెప్పి ముందు పెట్టాను. పాపం నమ్మేసింది. అన్నీ నావేనని చెప్పి నేను పగలబడి నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "చెయ్యి తిరిగినవాడివే. మరి వీటిలో నువ్వెక్కడున్నావ్?" అంది.

బెజవాడలో సినిమా బోర్డులు వేసినన్నాళ్ళూ ఎవడూ ఈ మాట అడగలేదే. ఫోటో ఇస్తారు, దాని మీద గళ్ళు గీస్తాం, ఒక్కో గడినీ పెద్దది చేసుకుంటూ గోడంత మొహం దించేస్తాం. హీరో హీరోలా ఉండాలి. నాలా ఉంటే కూలి కూడా ఇవ్వరు.

మే నెలలో కాలేజ్ హాల్‌లో ఎగ్జిబిషన్. ఒక గోడ నాకు ఉంచుతానంది. కానీ చూడగానే ఇది ఏసుపాదం బొమ్మ అనిపించాలట. రంగులతో రాకపోతే కాగితాలూ గుడ్డలూ అతికించి చూడమంది, దాన్ని కొలాజ్ అంటారు. మన గ్యారేజ్ ఇప్పుడు చిత్తుకాగితాల కొట్టు. నువ్వు పంపిన ఆవకాయ సీసాకి చుట్టిన తెలుగు పేపర్, కూపన్లు, చర్చిలో పంచిన పాటల కాగితాలు, నేను ఊడ్చే ఆఫీస్‌లో పారేసిన సర్క్యూట్ డ్రాయింగులు, అన్నీ మైదా ఉడకబెట్టి అతికిస్తున్నాను. నూనె మరక పడిన పేపర్ మీద రంగు పూస్తే లోపలి అక్షరాలు నీళ్ళలో చేపల్లా కనిపిస్తాయి. భలే ఉంటుంది. మర్నాడు పొద్దున చూస్తే అదీ ఎవడో వేసినట్టే ఉంటుంది.

నవ్వుతూనే రాస్తున్నాను గానీ దేవీ, యాభైకి దగ్గర పడ్డాను. నాదంటూ ఒక్కటి ఇప్పుడు రాకపోతే ఇంకెప్పుడూ రాదు.

నీ ఫోటో ఒకటి పంపు. పెళ్ళి ఫోటోలో సగం మొహం ముసుగులోనే ఉంది.

ఇట్లు,
చేతివాటం తప్ప చదువు లేని నీ మొగుడు

*

షాంటిలీ,
మార్చి 1983

ప్రియమైన దొంగగారికి,

వందనాలు. ఫోటో పంపను. పంపితే గళ్ళు గీస్తారు.

ఈ దేశానికి ఆ కొసన మీరున్నారు, ఈ తూర్పు కొసన మాకు మంచు ఇంకా కరగలేదు. హాస్పిటల్‌లో మనుషులు తక్కువై ఒకరి డ్యూటీ ఇంకొకరు చేస్తున్నాం. నాతో రూమ్‌లో ఉండే రేణు, మీ ఉత్తరం వస్తే చాలు, "అక్కా, బావగారు ఏం జోక్ రాశారు?" అంటుంది. చదివి వినిపిస్తే పడీపడీ నవ్వుతుంది. నేను మాత్రం చివరి నాలుగు లైన్లు దానికి చదవలేదు.

నా నర్సు లైసెన్స్ మీరున్న కాలిఫోర్నియాలో చెల్లదు, మళ్ళీ పరీక్ష రాయాలి. డ్యూటీ నుంచి వచ్చి పుస్తకం తెరిస్తే దాని మీదే నిద్రపోతున్నాను. వచ్చేస్తానని చెప్పి చెప్పి నాకే సిగ్గేస్తోంది.

ఒక్క సంగతి. మన పెళ్ళి కుదిరినప్పుడు మా నాన్న మొహం సినిమా బోర్డు మీద విలన్‌గా వేసి థియేటర్ ముందు నిలబెట్టారు, గుర్తుందా? ఊరంతా నవ్వింది. పోస్టర్లు అంటించుకుంటూ అటు వచ్చిన నాన్న నిచ్చెన దిగి మరీ చూసుకున్నాడు. ఆ మీసం, ఆ కోర చూపు, అచ్చం ఆయనే. మరి ఆ రోజు మీ దగ్గర మా నాన్న ఫోటో ఎక్కడుంది?

వేళకి తినండి.

ఇట్లు,
మీ దేవకుమారి

*

శాంటా క్లారా,
ఏప్రిల్ 1983

దేవకుమారికి,

ఎగ్జిబిషన్ కోసం అతికించిన బొమ్మలు పోయాయి. మూడూ. గ్యారేజ్‌లో ఎలుకలు పడి మైదా జిగురు ఉన్నచోటల్లా కొరికేశాయి. మొహాల నిండా బొక్కలు.

అన్నేళ్ళు పోస్టర్ల మధ్య తిరిగాను గానీ జిగురు నేనెప్పుడూ కాయలేదు. అది మీ నాన్న పని. దాన్లో ఇంకేం కలుపుతారో కూడా పట్టించుకోలేదు. మైదా ఒక్కటే అనుకున్నాను.

ఎగ్జిబిషన్ దగ్గరికొచ్చింది. మళ్ళీ వేసే ఓపిక లేదు. వేసినా అవే దొంగ బొమ్మలు. బొక్కలు పడ్డాయని కాదు నా ఏడుపు. పడినా అయ్యో అనిపించలేదు, అదీ నా ఏడుపు. అవి నావైతే అనిపించేది కదా.

ముక్కలు బయట చెత్తడబ్బాలో పడేశాను. మేడమ్‌కి గోడ వద్దని చెప్పేస్తాను. ఆదివారం ఫోన్ చెయ్యొద్దు. ఏం మాట్లాడాలో తెలీదు.

ఏసుపాదం

*

షాంటిలీ,
ఏప్రిల్ 1983

ప్రియమైన మీకు,

మీ ఉత్తరంలో ఒక్క వేళాకోళం లేదు. పెళ్ళయ్యాక ఇదే మొదలు. రేణు అడిగితే ఉత్తరం రాలేదని అబద్ధం ఆడాను. బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చాను. సెలవు అడిగితే ఇవ్వలేదు.

నాన్న జిగురులో మైలుతుత్తం కలిపేవాడు. ఆ నీలం పలుకులు పడితే ఎలుక రాదు, ఆవు నాకదు. నాకు తెలుసు. మీరు మైదా అని రాసినప్పుడే చెప్పాల్సింది, తోచలేదు. అది నా తప్పు.

ఆయన వానలకి చిరిగిన గోడ మీదే కొత్త పోస్టర్ వేసేవాడు. చిన్నప్పుడు నేను పక్కనే పేస్టు బకెట్ పట్టుకుని నిలబడేదాన్ని. పైన హీరో బుగ్గ చిరిగితే కింద పాత సినిమా హీరోయిన్ గాజుల చెయ్యి, ఇంకా కింద ఏదో ఎన్నికల గుర్తు. కొత్త పోస్టర్ కంటే నాకు ఆ చిరుగులే ఇష్టంగా ఉండేవి. నాన్న బకెట్ ఇలా తే అని కసిరేదాకా వాటినే చూసేదాన్ని.

ముక్కలు డబ్బాలోంచి తీయండి. బొక్కలు పూడ్చకండి. మీరు ఫోన్ ఎత్తకపోయినా ఆదివారం చేస్తాను.

మీ దేవకుమారి

*

శాంటా క్లారా,
మే 1983

ప్రియమైన పోస్టర్లాయన కూతురికి,

నీ మొగుడి బహుకోటి వందనాలు. ఫోన్ ఎత్తనందుకు తిట్టు, దాచుకోకు. ఎత్తితే నేనే ఏడ్చేవాణ్ణి.

నీ ఉత్తరం అందేసరికి చెత్త బండి ఇంకా రాలేదు, చదివి డబ్బాలో నడుం దాకా దూరాను. పక్కింటి ముసలావిడ కర్టెన్ తీసి చూసింది. చెయ్యి ఊపాను. కర్టెన్ వేసేసుకుంది.

మైలుతుత్తం హార్డ్‌వేర్ షాప్‌లోనే ఉంది. మురుగు గొట్టాల్లో చెట్ల వేళ్ళు చావడానికి అమ్ముతారు ఇక్కడ. మీ నాన్న ఆయుధం అలా దొరికింది. ఎలుకలు కొరికిన మూడు బొమ్మలూ ఒకే చెక్క మీద పొరలు పొరలుగా అతికించాను. ఆ పైన ఆవకాయ పేపర్, పాటల కాగితాలు, సర్క్యూట్లు. తర్వాత చింపడం మొదలుపెట్టాను. చించినచోట రంగు పూశాను, పూసింది మళ్ళీ చించాను. ఫోటో లేదు, గళ్ళు లేవు. ఏం వస్తుందో నాకే తెలీదు. ముందు నుదురు వచ్చింది దేవీ. తర్వాత ఆ మొండి గడ్డం. నువ్వు.

ఎగ్జిబిషన్‌లో మిసెస్ హోల్ట్ దాని ముందు చాలాసేపు నిలబడింది. "ఇదిగో, ఇక్కడున్నావ్" అంది. నేను జోక్ వెయ్యబోయి, మానేసి, ఆవిడకి కుర్చీ తెచ్చి వేశాను.

ఆ బొమ్మలో ఎడమ కన్ను లేదు. అక్కడ అన్ని పొరలూ చినిగి ఉత్త చెక్క కనిపిస్తుంది. వచ్చినవాళ్ళందరూ దాని గురించే మాట్లాడుకున్నారు. ఒకాయన అది ధైర్యం అన్నాడు. ఒకావిడ అదే నా స్టయిల్ అంది. నేను గడ్డం నిమురుకుంటూ మేధావిలా తలూపాను. వేళాకోళం అలవాటు కదా.

నిజం నీకు చెప్తాను. ఆ కన్ను వేశాను, చించాను, మళ్ళీ వేశాను, మళ్ళీ చించాను, చెక్క తగిలేదాకా. నీ ఎడమ కన్ను నాకు గుర్తు రాలేదు. కుడిది వచ్చింది, పడుకున్నప్పుడు నేను అటువైపే ఉండేవాణ్ణి. ఫోన్‌లో నీ గొంతు వస్తుంది, మొహం రాదు. స్టయిల్ రావట్లేదని ఏడ్చాను గానీ, అసలు నా భయం ఇదేనని ఆ చెక్క తేలాక తెలిసింది.

ఫోటో వద్దు, నువ్వే గెలిచావు. పరీక్ష రాసి నువ్వొస్తావో, చీపురు ఇక్కడ వదిలేసి నేనొస్తానో, ఏదో ఒకటి తేల్చు. నేనొస్తే చెక్క చంకలో పెట్టుకునే వస్తాను. కిటికీ పక్కన కూర్చుందువుగానీ, వెలుతురు ఎడమవైపు పడేలా.

బోర్డుల మీద ఎప్పుడూ కంపెనీ పేరే గానీ నా పేరు రాసుకోలేదు. దీని కింద సంతకం పెట్టమని మేడమ్ బ్రష్ చేతికిచ్చింది. ఇంకా అవ్వలేదని చెప్పి తిరిగి ఇచ్చేశాను.

నీ
ఏసుపాదం