తహ్మీనా గిన్నె

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీ, అబుదాబి
24 నవంబరు 2024, ఆదివారం

ఈరోజు పనులు: రెండు విడతల బట్టలు ఉతికి ఆరేశాను. ఏసీ జాలీ కడిగాను. వారానికి సరిపడా అల్లం వెల్లుల్లి నూరి పెట్టాను. ఒక గిన్నె మూడుసార్లు తోమాను.

అమ్మకు సైదున్నీసా సలాములు. అల్లా దయవల్ల ఇక్కడ అందరం ఆరోగ్యంగా ఉన్నాం. నాకున్నది జబ్బు కాదు, కోపం. నీ మోకాలికి కొత్త మందు పనిచేస్తోందని తలుస్తాను. ఈ సంగతి ఫోన్లో చెబితే నీకు వినబడదు, గట్టిగా చెబితే పక్కింటికి వినబడుతుంది. అందుకే రేపు నెల్లూరు వస్తున్న బుడేన్ సాహెబ్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నువ్వు పంపిన నిమ్మకాయ ఊరగాయ అందింది. ఉప్పు సరిపోయింది. అనమ్ తెలుగు చదవడం మర్చిపోయిందా అని అడిగావు. మర్చిపోయినా బాగుండేది.

ఇక్కడ సెలవు రోజుల్లో మనవాళ్ల పిల్లలకు సత్యకుమారి టీచరు తెలుగు నేర్పిస్తుంది. ఈసారి పిల్లలందర్నీ తమ ఇంటి జ్ఞాపకం ఒకటి రాసి, పెద్దవాళ్ల ముందు చదవమంది. ఏం రాశావో చూపించమంటే అనమ్ చూపించలేదు. అక్కడే వినాలంది. పోయిన శనివారం హాలు నిండా జనం. ఒక పిల్లాడు తన సైకిల్ గురించి చదివాడు, ఇంకో అమ్మాయి వాళ్ల పిల్లి గురించి. నీ మనవరాలు లేచి ఇలా మొదలుపెట్టింది: "మా ఇంట్లో ఒక గిన్నె ఉంది. అది మాది కాదు. అమ్మ అందులో ఎప్పుడూ వండదు."

జనం నవ్వారు. ఆ గిన్నె ఎవరిదో ఆ తహ్మీనా మూడో వరసలో కూర్చునుంది.

అమ్మా, ఇక్కడ నీకో మాట చెప్పాలి. కరోనా ఏడు రంజాన్ నెలలో ఈయనకు జీతం సగం వస్తోందని, మాకే లోటూ లేదని ఫోన్లో చెప్పాను. అసలు జీతమే రాలేదు. ముదీర్, అంటే వాళ్ల మేనేజరు, ఇంట్లో ఉండమన్నాడు, అంతే. అప్పుడు మా పక్క వాటాలో ఉన్న కడప తహ్మీనా రోజూ ఇఫ్తార్‌కు గిన్నె నిండా గంజి పంపేది. మొదట్లో ఖర్జూరాలో, నిమ్మకాయలో వేసి గిన్నె తిప్పి పంపాను. తర్వాత వేయడానికేమీ మిగల్లేదు. ఖాళీ గిన్నె తిప్పి పంపకూడదని నాకు నేర్పింది నువ్వే. వేయడానికేమీ లేనప్పుడు ఏం చేయాలో మాత్రం నేర్పలేదు.

గిన్నె ఉండిపోయింది. పండగయ్యాక వాళ్లు ముసఫా వైపు ఇల్లు మారిపోయారు. జీతం మొదలయ్యాక ఇవ్వొచ్చు కదా అంటావు. ఆలస్యమయ్యేకొద్దీ అందులో వేయాల్సింది పెరిగిపోయింది. మొదట సేమ్యా చాలనుకున్నాను. ఆ తర్వాత బిర్యానీ అనుకున్నాను. చివరికి ఏం వండినా చాలదనిపించింది. ఎక్కడైనా తను కనబడితే పక్కకు తప్పుకునేదాన్ని.

ఇదంతా పిల్ల చదివింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మీ అల్లుడే. కారులో ఇద్దర్నీ తిట్టాను. అనమ్ ఒక్కటే అంది, "టీచరు జరిగిందే రాయమన్నారమ్మా." ఆ మాటే మరీ మంటగా ఉంది.

తహ్మీనా మాత్రం హాలు గుమ్మం దగ్గరే నన్ను పట్టుకుంది.

"గిన్నె ఉంచుకుంటే ఉంచుకున్నావు. మనిషివి కూడా రాకుండా పోతివే సైదూ?"

వచ్చే ఆదివారం, అంటే ఈరోజు, గిన్నె తెమ్మంది, అందులో ఏదైనా వేసి తెస్తే గేటే తీయనంది.

ఇంతవరకు మధ్యాహ్నం రాశాను. ఇప్పుడు మగ్రిబ్ నమాజు అయింది, ముసఫా వెళ్లొచ్చాను. దారంతా ఖాళీ గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే నీ మాటే చెవిలో మోగింది. తహ్మీనా గిన్నె తీసుకుని లోపలికి తొంగి చూసింది. అందులో బియ్యం పోసి నా చేతికే ఇచ్చి, కడగమంది. కడిగాను. ఇద్దరం వండుకుని తిన్నాం. గిన్నె అక్కడే ఉంచి, చేతులూపుకుంటూ ఇంటికొచ్చాను.

అనమ్ మీద కోపం ఇంకా పోలేదు. అది చదివిన కాగితం ఇందులో పెడుతున్నాను. నువ్వే చదువుకో, ఎవరిచేతా పైకి చదివించకు.

తహ్మీనా గిన్నె బాకీ ఈరోజుతో ఖలాస్.

ఇట్లు,
నీ పెద్దకూతురు
సైదున్నీసా